దగ్గు, జ్వరంతో ప్రభల తీర్థానికి బయల్దేరే ముందు

కనుమ వచ్చేస్తోంది. కోనసీమలోని జగ్గన్నతోటలో 11 ఊళ్ల ప్రభలూ (దేవుణ్ణి ఉంచి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన అలంకారాలు) చేరే తీర్థం రోజు, భుజాలు రాసుకునేంత జనం. ఒంట్లో బాగోలేనివాళ్లు ఇవి చూసుకోండి.

– పారాసిటమాల్ వేసుకుని, జ్వరం తగ్గింది కదా అని బయల్దేరకండి. మాత్ర వేడిని దించుతుంది గానీ వైరస్‌ని చంపదు. మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే గడప దాటండి.

– చంటిపిల్లల్ని ఎత్తుకోవద్దు, ముద్దులు అసలొద్దు. 6 నెలల్లోపు వాళ్లకి ఫ్లూ టీకా వేయరు. మా అక్క మనవడు డొక్కలు ఎగరేస్తూ ఊపిరి పీల్చడం కళ్లారా చూశాను, పండక్కొచ్చిన చుట్టాల జలుబే అది.

– దగ్గు మిగిలుంటే బస్సులో మాస్కు, ముక్కు కూడా మూసేలా.

– తుమ్ము మోచేతి మడతలోకి. అరచేత్తోనే కదా ప్రసాదం పంచేది.