చెనిక్కాయ పొట్టు బొగ్గుతో ఫాస్ఫేట్ ప్రాజెక్టు చేసేవాళ్లకి

తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతూ ప్రాజెక్టుకి "రక్తంలో ఫాస్ఫేట్ తీసేసే రంధ్రాల పదార్థం" అని టాపిక్ పెట్టుకున్న జూనియర్లు ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా. నేను ఇదే పని ఏడాది చేశాను, అందులో ఆరు నెలలు వృథాగా పోయాయి. ఎలా పోయాయో చదివితే మీ ఆరు నెలలైనా మిగులుతాయి.

ముందు దీని అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం. కిడ్నీలు పనిచేయనివాళ్లకి తిండిలోంచి వచ్చే భాస్వరం (ఒంట్లో ఇది ఫాస్ఫేట్ రూపంలో ఉంటుంది) బయటికి పోదు. రక్తంలో అది డెసిలీటరుకి 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి, వీళ్లకి 6, 7 దాటిపోతుంది. దురద, ఎముకల నొప్పి, రక్తనాళాల్లో సున్నం పేరుకోవడం, అన్నీ దాని వెనకాలే వస్తాయి. మా పెదనాన్న వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మెషీన్ (రక్తాన్ని బయట శుభ్రం చేసేది) మీద ఉంటాడు. ఒక్కోసారికి పోయే భాస్వరం సుమారు 800 నుంచి 1000 మిల్లీగ్రాములు. మనిషి ఒక్క రోజు తిండిలోనే దాదాపు వెయ్యి ఉంటుంది, అందులో సగానికి పైనే ఒంటికి పడుతుంది. పైగా ఫాస్ఫేట్ ఎక్కువ భాగం కణాల్లో, ఎముకల్లో దాక్కుని ఉంటుంది కాబట్టి రక్తం శుభ్రమైన కాసేపటికే మళ్లీ ఊరుతుంది, ఎండాకాలం చెలమలో నీళ్లలాగా. డాక్టర్లు ఇచ్చే సెవెలమర్, లాంథనం కార్బొనేట్ మాత్రలు పేగుల్లోనే ఫాస్ఫేట్‌ని పట్టేస్తాయి, రక్తం దాకా రానివ్వవు. మనం చేయబోయేది వేరు, రక్తంలోకి వచ్చేసిన దాన్ని పట్టే పొడి. ఇది ఎక్కడా లేని ఆలోచనేం కాదు. 1973లో వచ్చిన రెడీ (REDY) అనే డయాలసిస్ మెషీన్‌లో వాడిన నీళ్లనే శుభ్రం చేసి మళ్లీ తిప్పే గొట్టం ఉండేది, అందులో ఫాస్ఫేట్‌ని పట్టేది జిర్కోనియం ఆక్సైడ్.

ఇప్పుడు పొడి సంగతి. ఒట్టి బొగ్గు ఫాస్ఫేట్‌ని పెద్దగా పట్టదు. గ్రాముకి వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం ఉన్నా సరే, ఫాస్ఫేట్ అతుక్కోవడానికి దాని మీద లోహం ఉండాలి. ఇనుము, లాంథనం, జిర్కోనియం, వీటి హైడ్రాక్సైడ్ మీదున్న ఓహెచ్ గుంపు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) ఊడిపోయి ఆ చోటులోకి ఫాస్ఫేట్ వచ్చి కూర్చుంటుంది. బొగ్గు ఇల్లయితే లోహం కుర్చీ. ప్రాజెక్టు డబ్బుల్లో ఇనుమే చవక.

మన వైపు చెనిక్కాయ (వేరుశెనగ) పొట్టుకి కరువు లేదు. కడిగి, ఎండబెట్టి, మూత బిగించిన క్రూసిబుల్‌లో (వేడికి తట్టుకునే చిన్న గిన్నె) 450 డిగ్రీల దగ్గర కాల్చండి. ఇక్కడే మొదటి గొయ్యి ఉంది. ఎక్కడ చూసినా "ఫాస్ఫారిక్ యాసిడ్‌తో యాక్టివేట్ చేయండి", అంటే దాంతో బొగ్గుకి రంధ్రాలు తెరవండి, అని రాసి ఉంటుంది. చేయకండి బాబూ! ఫాస్ఫేట్‌ని తీయాల్సిన పొడికి ముందే ఫాస్ఫేట్ తాగిస్తే, తర్వాత అది మీ ద్రావణంలోకే కక్కుతుంది. ఆ మాటకొస్తే పొట్టు బూడిదలోనే కొంత భాస్వరం ఉంటుంది, కాబట్టి బొగ్గుని పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో ఒకసారి, డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదుసార్లు కడగండి. తర్వాత 10 గ్రాముల బొగ్గుకి, 5.4 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కరిగించిన 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున కలుపుతూ కాస్టిక్ సోడా చుక్కచుక్కగా వేసి పీహెచ్ 7 దాకా తేవాలి. ఓపిక లేక ఒకేసారి గుమ్మరిస్తే ఇనుము రంధ్రాల్లో కాకుండా బయట బురదలా కూర్చుంటుంది. క్లోరైడ్ పోయేదాకా కడిగి (సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడకూడదు) 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. తొందరపడి మఫిల్ ఫర్నేస్‌లో (ల్యాబ్ కొలిమి) పెట్టారో, ఇనుము హెమటైట్ అనే ఐరన్ ఆక్సైడ్‌గా మారి ఉపరితలం సగానికి సగం పోతుంది.

ఇక అసలు విషయం, పరీక్ష. మామూలు నీళ్లలో ఫాస్ఫేట్ కలిపి, అందులో పొడి వేసి, "90 శాతం తీసేసింది" అని రాసుకోవడం చాలా తేలిక. నేనూ అదే రాసుకుని సంబరపడ్డాను. రక్తంలో లీటరుకి 24 మిల్లీమోల్ బైకార్బొనేట్, వంద దాకా క్లోరైడ్, 40 గ్రాముల దాకా ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఉంటాయి, ఇవన్నీ ఆ కుర్చీల కోసమే తోసుకుంటాయి. అందుకని లీటరు నీళ్లలో ఉప్పు 5.84 గ్రాములు, సోడియం బైకార్బొనేట్ 2 గ్రాములు, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.272 గ్రాములు వేయండి. అంటే ఫాస్ఫేట్ 2 మిల్లీమోల్ అన్నమాట, రక్తం లెక్కలో డెసిలీటరుకి 6.2. పీహెచ్ 7.4 దగ్గర నిలబెట్టడానికి హెపీస్ అనే బఫర్ (పీహెచ్ మారకుండా పట్టి ఉంచేది) వాడి సీసా మూత గట్టిగా బిగించండి, తెరిచి ఉంచితే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పైకి పాకుతుంది. పీబీఎస్ (ఫాస్ఫేట్ బఫర్డ్ సెలైన్) మాత్రం ముట్టుకోవద్దు. ఆ పేరులో "పీ" అంటే ఫాస్ఫేటే, అదీ పది మిల్లీమోల్! రక్తానికి వాడే బఫర్ కదా అని పీబీఎస్‌లో చేసి మూడు వారాలు తల పట్టుకున్న మహానుభావుణ్ణి నేనే.

కాల్షియం కూడా వేయాలనిపిస్తుంది. వేయొచ్చు గానీ కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి వాటంతటవే అడుక్కి దిగిపోవచ్చు, మీరేమో పొడి పట్టిందనుకుంటారు. పొడి వేయని సీసా ఒకటి, ఫాస్ఫేట్ వేయని సీసా ఒకటి ప్రతిసారీ పక్కన పెట్టండి. 37 డిగ్రీల దగ్గర షేకర్‌లో తిప్పాలి. మే నెలలో తిరుపతిలో షేకర్ హీటర్ ఆపేసినా గది ఆ పని చేసేస్తుంది, కానీ రాత్రికి తగ్గుతుంది కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. చివర్లో పీహెచ్ మళ్లీ చూడండి. ఓహెచ్ బయటికి వస్తుంది కదా, 8 దాటి ఉంటే ఆ రీడింగ్ రక్తానికి పనికిరాదు.

కొలవడానికి మాలిబ్డినం బ్లూ పద్ధతి చాలు. అమ్మోనియం మాలిబ్డేట్, యాంటిమొనీ టార్ట్రేట్, సల్ఫ్యూరిక్ యాసిడ్, ఆస్కార్బిక్ యాసిడ్ కలిపి పదిహేను నిమిషాలు ఆగి, వచ్చిన నీలం రంగుని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 880 నానోమీటర్ల దగ్గర చదవాలి. లీటరుకి ఒక మిల్లీగ్రాము భాస్వరం దాకానే భాస్వరానికి తగ్గట్టు రంగు పెరిగే గీత తిన్నగా వస్తుంది, మీ ద్రావణంలో ఉన్నది 62. కాబట్టి వంద రెట్లు పలుచన చేయండి. గాజు సామాను డిటర్జెంట్ పౌడర్‌తో తోమితే అందులోని ఫాస్ఫేట్ అంటుకుని రీడింగులు పిచ్చిగా వస్తాయి, యాసిడ్‌తో కడిగిన సామాను ఈ పనికే విడిగా పెట్టుకోండి. ఆల్బుమిన్ ఖరీదెక్కువ, చివరి రెండు మూడు శాంపిళ్లకి మాత్రం వేసి చేయండి, చదివే ముందు ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్‌తో ప్రొటీన్‌ని దించేయాలి, లేకపోతే మసకే.

లెక్క ఎలా వేయాలంటే, 50 మిల్లీలీటర్లలో పావు గ్రాము పొడి వేశారు, 62 ఉన్నది 37కి దిగిందనుకోండి. తగ్గిన 25ని 0.05 లీటర్లతో గుణించి 0.25తో భాగిస్తే గ్రాముకి 5 మిల్లీగ్రాములు. మీ గైడ్ తప్పకుండా అడిగే ప్రశ్న, "అయితే ఏంటి?" అని. డయాలసిస్ ఒక్కసారికి తీసే 800 మిల్లీగ్రాములు తీయాలంటే ఇలాంటి పొడి 160 గ్రాములు కావాలి, ఈ ఒక్క అంకె థీసిస్‌లో పెట్టండి, పది గ్రాఫుల కంటే నయం. పొడి మరీ తక్కువ వేస్తే 62కి, 60కి తేడా చూస్తున్నారన్నమాట, అది పలుచన చేయడంలో జరిగే తప్పులోనే కొట్టుకుపోతుంది. కనీసం మూడో వంతు దిగేలా పొడి వేయండి.

రంధ్రాల సైజు గురించి వైవాలో అడుగుతారు. 2 నానోమీటర్ల లోపు మైక్రో, 2 నుంచి 50 దాకా మీసో. ఆల్బుమిన్ సుమారు 7 నానోమీటర్లు ఉంటుంది, ఫాస్ఫేట్ ఒకటి కూడా ఉండదు. కాబట్టి 3, 4 నానోమీటర్ల రంధ్రాలుంటే ఫాస్ఫేట్ లోపలికి దూరుతుంది, ప్రొటీన్ గడప దగ్గరే ఆగుతుంది.

ఈ పొడి రక్తంలో కలిపేది కాదని కూడా రాయండి. 1964లో గ్రీస్‌లో యాట్జిడిస్ అనే డాక్టరు రోగుల రక్తాన్ని నేరుగా బొగ్గు మీదుగా పంపించాడు. విషాలు పోయాయి గానీ ప్లేట్‌లెట్లు తగ్గాయి, సన్నటి బొగ్గు నుసి రక్తంలో కలిసింది. అందుకే తర్వాతివాళ్లు బొగ్గుకి పూత పూశారు. మీరు పొడి వల్ల ఎర్ర రక్తకణాలు పగులుతాయేమో చూసే పరీక్ష చేయాలనుకుంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. పగిలిన కణాల శాతం 2 లోపు ఉంటే మంచిది, 5 దాటితే ఆ పొడి పనికిరాదని అర్థం. నా పొడికి మొదటిసారి 7 వచ్చింది. సరిగా కడగని యాసిడ్ వల్లే, ఇంకో నాలుగుసార్లు కడిగాక 2 కిందికి దిగింది.