టోక్యో మారథాన్: జపనీస్ రాకుండా 42 కిలోమీటర్లు గట్టెక్కడం ఎలా?

మార్చి మొదట్లో ఓ ఆదివారం ఉదయం 9:10కి షింజుకులో మొదలై టోక్యో స్టేషన్ దగ్గర ముగిసే ఈ పరుగులో ముఖ్యమైన బోర్డుల మీద ఇంగ్లిష్ కూడా ఉంటుంది. చిక్కంతా నోటి మాటతోనే. 30వ కిలోమీటరు దగ్గర పిక్క పట్టేస్తే వాలంటీరు పలకరించేది జపనీస్‌లో. దానికి పాతిక మాటలు నేర్చుకుంటే సరిపోతుంది.

1. నోరు తిప్పండి

ఇంగ్లిష్ మాటల చివర అచ్చు తగిలించే అలవాటు జపాన్ వాళ్లకూ ఉంది. మన బస్సు వాళ్లకు బసు. 'ల'ను 'ర'గా, 'ట'ను 'త'గా మార్చి పలకండి: హోటల్ హొతెరు, టాయిలెట్ తొయిరె. ముగింపు గీత, అంటే గోల్, 'గోరు' అవుతుంది (నవ్వొచ్చినా అదే అనండి). క్రియ మనకులాగే చివర్లో వస్తుంది, ప్రశ్నకు తోకగా 'క' చేరుతుంది. "తొయిరె వ దొకొ దెసు క?" అంటే టాయిలెట్ ఎక్కడ అని. "మిజు కుదసాయ్" అంటే నీళ్లివ్వండి.

2. చీటీ రాసుకోండి

ఎలర్జీలు, వాడే మందులు, బ్లడ్ గ్రూప్, హోటల్ పేరు, తోడు వచ్చినవారి ఫోన్ నంబరు జపనీస్‌లో ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే మీ పరుగు నంబరు) వెనక పిన్ను చేయండి. చెమట చేతులతో ఫోన్ తెరవడం కుదరదు. అనువాద యాప్‌లో "పెన్సిలిన్ పడదు" అని కొడితే, అది కింద పడటం గురించి అనుకోవచ్చు. "పెన్సిలిన్ ఎలర్జీ ఉంది" అని చిన్న వాక్యంగా రాసి, వచ్చినదాన్ని మళ్లీ తెలుగులోకి మార్చి సరిచూడండి.

జలుబు మాత్రల డబ్బా కూడా చూసుకోండి. ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించిన మందులు జపాన్‌లోకి తేకూడదు.

3. బిబ్ ముందే తీసుకోండి

టోక్యో బిగ్ సైట్ అనే ప్రదర్శనశాలలో, పరుగుకు ముందు జరిగే ఎక్స్‌పోకి (బిబ్ ఇచ్చే ప్రదర్శన) పాస్‌పోర్టుతో మీరే వెళ్లాలి. రేసు రోజున ఇవ్వరు. అక్కడ చేతికి కట్టిన పట్టీని పరుగు ముగిసేదాకా తీయొద్దు, అది లేకపోతే లోపలికి రానివ్వరు.

4. ముందురోజు తిండి

శాకాహారులు దుకాణంలో ఒనిగిరి (అన్నం ముద్ద) కొనేటప్పుడు "ఉమె" అని అడగండి, లోపల ఊరబెట్టిన పుల్లటి పండు ఉంటుంది. మిగతావాటిలో చేపే ఎక్కువ. కూరగాయల సూపులోనూ చేప రసం కలుస్తుంది. పులిహోర పేస్టు, పొడి తీసుకెళ్తే అన్ని విధాలా నయం.

5. పరుగులో

గడువు 7 గంటలు. దారి మధ్య గేట్లను "కన్‌మొన్" అంటారు, వాటికి విడివిడిగా మూసే వేళలున్నాయి. ఆ లెక్క తుపాకీ మోతతో మొదలవుతుంది, మీరు మొదలు గీత దాటినప్పటి నుంచి కాదు. మొదట్లో నిలబెట్టే గుంపుల్లో (బ్లాకుల్లో) వెనకదానిలో ఉంటే ఆ ఆలస్యాన్ని ముందే తీసేసి వేగం లెక్కేయండి. జనం "అతొ గొ కిరొ" అంటే ఇంకా 5 కిలోమీటర్లు. "అతొ సుకొషి" అంటే ఇంకొంచెమే. దాన్ని మాత్రం నమ్మకండి, అన్ని ఊళ్లలోనూ చూసేవాళ్లకు అంతా కొంచెమే. తాగిన కప్పు రోడ్డు మీద పారేయకుండా చెత్త పెట్టెలో వేయండి.

అసలు ప్రమాదం రెండు మర్యాద మాటలతో. "దైజొబు దెసు క?" అంటే బాగానే ఉన్నారా అని. మొహమాటంతో "దైజొబు" అంటే, సాయం వద్దన్నారని వెళ్లిపోతారు. "హై" మన 'ఊ' లాంటిది. "రితాయా షిమసు క?" అన్నప్పుడు ఊ కొట్టారో, పరుగు మానేస్తానని ఒప్పుకున్నట్టే. మానేయదలచుకోకపోతే "ఇయె, హషిరిమసు" (లేదు, పరిగెత్తుతాను) అనండి.

నొప్పికి "ఇతాయ్" అని చోటు చూపించండి. కాలు పట్టేస్తే "అషి గ త్సుత్తా", కళ్లు తిరిగితే "మెమాయ్". ఛాతీలో నొప్పి వస్తే "మునె గ ఇతాయ్" అని చెప్పి అక్కడే కూర్చోండి. అంబులెన్సు నంబరు 119.