దసరాకు కారు కొంటున్నారా? ముహూర్తానికి ముందే ఇవి చూసుకోండి

బతుకమ్మ పండుగ మొదలైందంటే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ షోరూముల్లో రద్దీ పెరుగుతుంది. విజయదశమి నాడు కొత్త బండి ఇంటి ముందు ఉండాలని, పూజ చేయించాలని అందరికీ ఉంటుంది. అయితే మన వైపు ఆ తొందరలోనే ఒక ప్రమాదం ఉంది. దసరా నాటికి చాలా చోట్ల వరి కోతకు రాదు. పత్తి ఏరడం అప్పుడప్పుడే మొదలవుతుంది. అంటే పంట డబ్బు చేతికి రాకముందే లోన్ కాగితాల మీద సంతకాలు అయిపోతున్నాయి. వ్యవసాయం మీద బతికే ఇంటికి డబ్బు వచ్చేది వానాకాలం పంటకు ఒకసారి, యాసంగికి ఒకసారి. ఈఎంఐ మాత్రం ప్రతినెలా కట్టాలి. ఒక్క పంట దెబ్బతిన్నా ఆరు నెలల కిస్తీలు నెత్తిన పడతాయి. అందుకే మోడల్, రంగు సంగతి తర్వాత. ముందు పండుగకు కనీసం నెల రోజుల ముందే కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోండి.

బడ్జెట్ అంటే ప్రకటనలో కనిపించే ఎక్స్-షోరూమ్ ధర కాదు. దాని మీద లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్, యాక్సెసరీలు అన్నీ కలిస్తేనే ఆన్‌రోడ్ ధర. మన తెలంగాణలో కారు ధర 10 లక్షలు దాటితే లైఫ్ టాక్స్ శాతం కూడా పెరుగుతుంది. కాబట్టి 9 లక్షల 80 వేల వేరియంట్‌కు, 10 లక్షల 20 వేల వేరియంట్‌కు చివర్లో కట్టే తేడా 40 వేలతో ఆగదు. జీఎస్టీలోనూ ఇలాంటి గీతే ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని కార్లకు 18 శాతం, అంతకన్నా పెద్దవాటికి 40 శాతం. సేల్స్‌మన్ నోటిమాటగా చెప్పే లెక్క కాకుండా, ఏ పద్దు కింద ఎంతో విడివిడిగా రాసిన కొటేషన్ తీసుకోండి. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే చేయించాలన్న నిబంధన ఏదీ లేదు. బయట రెండు కంపెనీల ధర అడిగి చూడండి. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి చేసేది, మూడేళ్లకు ఒకేసారి కట్టాలి, అది తప్పదు. సొంత నష్టానికి చేసే బీమాలోనే బేరం ఉంటుంది.

లోన్ దగ్గర చాలామంది మోసపోయేది వడ్డీ చెప్పే పద్ధతిలో. "ఏడు శాతమే సార్" అంటారు. అది ఫ్లాటా (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వేసేది), తగ్గే అసలు మీదా అని తప్పకుండా అడగండి. 5 లక్షలకు 7 శాతం ఫ్లాట్ వడ్డీ, ఐదేళ్లకు వేస్తే 1 లక్షా 75 వేలు. నెలకు 11,250 కట్టాలి. బ్యాంకులు మామూలుగా చెప్పే, తగ్గే అసలు మీద వేసే పద్ధతిలో చూస్తే అది 12.5 శాతం వడ్డీతో సమానం. వ్యవసాయమే ఆదాయమైతే ఆరు నెలలకోసారి కట్టే వీలుందా అని అడగండి. లేదంటే పంట అమ్మిన రోజే ఆరు కిస్తీల డబ్బు వేరే ఖాతాలో పెట్టే అలవాటు మీకు ఉందో లేదో ఆలోచించుకోండి. అది లేకపోతే, నా మాట వినండి, కారు చిన్నదైనా సరే, లోన్ తగ్గించుకోండి.

ఇక ఈ కారు ఏడాదిలో ఎక్కడెక్కడ తిరుగుతుంది? పెళ్లికి ఒకసారి, శ్రీశైలానికి ఒకసారి అని కాదు, మామూలు రోజుల్లో. నకిరేకల్ నుంచి వారానికి రెండుసార్లు 65వ జాతీయ రహదారి మీద హైదరాబాద్ వెళ్లేవారికి, దేవరకొండ దగ్గర ఊరికీ చేనుకూ మధ్య తిరిగేవారికి ఒకే కారు సరిపోదు. హైవే మీద ఎక్కువగా తిరిగేవారు వేగంలో నిలకడ, బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు చూడాలి. ఊళ్లల్లో తిరిగేవారికి గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకూ రోడ్డుకూ మధ్య ఎత్తు, ముఖ్యం. ఎత్తు లెక్కలేని స్పీడ్ బ్రేకర్లు, వానాకాలంలో గుంతలుపడ్డ చెలక బాటలు, కోతల సమయంలో రోడ్డు సగం దాకా ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు, ఇవన్నీ ఇక్కడి రోడ్డులో భాగమే. బ్రోచర్‌లో రాసిన ఎత్తును నమ్మి ఊరుకోవద్దు. ఐదుగురు కూర్చుని, డిక్కీలో రెండు బస్తాల బరువుంటే బండి ఎంత కుంగుతుందో చూడండి.

టెస్ట్ డ్రైవ్ కూడా అలాగే చేయండి. ఉదయం చల్లటి పూట ఒక్కరే ఎక్కి షోరూమ్ చుట్టూ తిరిగితే ఏమీ తెలియదు. ఇంటివాళ్లను ఎక్కించుకుని, మధ్యాహ్నం రెండు గంటలకు, ఏసీ వేసి నడపండి. రాష్ట్రంలో ఎండలు ఎక్కువగా కాసే జిల్లాల్లో నల్లగొండ ఒకటి. వెనక సీటుకు చల్లగాలి అందుతుందా లేదా అన్నది ఏప్రిల్, మే నెలల్లో చిన్నపిల్లలకు, ముసలివాళ్లకు ఆరోగ్యం సంగతి. సన్‌రూఫ్‌కు పెట్టే డబ్బు వెనక ఏసీ వెంట్లకు, మంచి టైర్లకు పెట్టడమే మేలు. శ్రీశైలం తరచూ వెళ్లేవారు దోమలపెంట తర్వాత వచ్చే ఘాట్ మలుపులను గుర్తుంచుకోండి. నిండా జనంతో ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న ఇంజిన్ ఇబ్బంది పడుతుంది. ఆ దారిలోని అమ్రాబాద్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేస్తారు కాబట్టి, వేళకు చెక్‌పోస్టు దాటాలన్న తొందరలో బండిని బలవంతంగా తోలేవాళ్లూ ఉంటారు.

పెట్రోలా, డీజిలా అన్న ప్రశ్నకు పాత సమాధానం ఇప్పుడు పనికిరాదు. లెక్క వేద్దాం. పెట్రోలు లీటరు 107, డీజిల్ 96 రూపాయలు అనుకుందాం. పెట్రోలు కారు 17, డీజిల్ కారు 21 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు మిగిలేది సుమారు రూపాయి 70 పైసలు. డీజిల్ కారు లక్షా పాతిక వేలు ఎక్కువైతే ఆ డబ్బు తిరిగి రావడానికి 73 వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 8 వేలు తిరిగేవారికి అది తొమ్మిదేళ్ల పని. పైగా 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద కొంతసేపు నిలకడగా పరుగెత్తాలి. రోజూ రెండు కిలోమీటర్లు బజారుకు వెళ్లొచ్చే బండికి డీజిల్ వద్దు. సీఎన్‌జీ అయితే మీరు తిరిగే దారిలో బంకు ఉందా, డిక్కీ పోయినా పర్వాలేదా చూసుకోండి. బయట కిట్ వేయించే కన్నా కంపెనీ నుంచి వచ్చినదే తీసుకోండి.

ఎలక్ట్రిక్ కార్లకు 2026 డిసెంబర్ 31 వరకు లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. అది చిన్న మొత్తం కాదు. ఇంట్లో పార్కింగ్, సరిగ్గా ఎర్తింగ్ ఉన్న కనెక్షన్ ఉండి రోజూ 60, 70 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగులకు నేను ధైర్యంగా చెబుతాను, తీసుకోండి. హైదరాబాద్ పోయి రావాలంటే మాత్రం మహబూబ్‌నగర్ నుంచైనా, నల్లగొండ నుంచైనా సుమారు 200 కిలోమీటర్లు. ఎండలో ఏసీతో, హైవే వేగంతో కంపెనీ చెప్పిన రేంజ్ రాదు. మూడో వంతు తగ్గించి లెక్క వేసుకోండి.

భద్రత విషయంలో బేరం వద్దు. బండిని ఢీకొట్టించి పరీక్షించి ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు చూడండి. పెద్దలకు, పిల్లలకు వేర్వేరుగా ఇస్తారు, రెండూ చూడండి. పైన ఆకర్షణలు ఎక్కువ ఉన్న మోడల్ కన్నా ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్న మోడల్ మేలు. వెనక సీట్లో కూడా బెల్టు పెట్టుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కారు తీసుకునేవారు ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. ముందు రెండు ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లకూ తప్పనిసరి అయింది 2022 జనవరి నుంచి. అంతకుముందు బండి అయితే అవి ఉన్నాయో లేవో మీరే చూడాలి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో ఎన్నో కార్లు వరదలో మునిగాయి. అలాంటివి శుభ్రం చేయించి ఏ ఊళ్లోనైనా అమ్మకానికి పెట్టవచ్చు. సీట్ బెల్టును చివరిదాకా లాగి చూడండి, కింది భాగంలో బురద గీత ఉంటే అర్థం అవుతుంది. సీటు పట్టాల కింద తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు, తలుపు మూసి ఉంచితే వచ్చే ముక్క వాసన, ఇవన్నీ గుర్తులే. రేడియేటర్ మూత ఇంజిన్ చల్లబడ్డాకే తీయండి. లోపల కూలెంట్ బదులు తెల్లటి పొర కనిపిస్తే బోరు నీళ్లు పోసి నడిపినట్టు. మన బోర్ల ఉప్పు నీళ్లు రేడియేటర్‌ను లోపలినుంచి పూడ్చేస్తాయి.

టాక్సీగా తిరిగిన బండి తెల్ల బోర్డు మార్చుకుని రావచ్చు కాబట్టి ఆర్‌సీ చరిత్ర చూడండి. మీటరులో కిలోమీటర్లను నమ్మకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌లో నంబరు చెప్పి సర్వీస్ రికార్డు అడగండి. టైరు మీద నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 2319 అంటే 2019లో 23వ వారం. రబ్బరు నిగనిగలాడుతున్నా వయసు మీరిన టైరు మే నెల ఎండలో హైవే మీద పేలే ప్రమాదం ఉంది.

కాగితాల దగ్గర మొహమాటం అసలే వద్దు. అమ్మేవారు మేనమామ కొడుకైనా సరే, పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే బాకీ తీరిందని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలో లోన్ నమోదు తీసేయించే ఫారం 35, పెండింగ్ చలాన్ల వివరాలు చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఆర్‌సీ మీ పేరు మీదికి మార్చుకోవడం వాయిదా వేయవద్దు, బీమాను 14 రోజుల్లోపు మార్పించుకోండి. మీరే అమ్ముతున్నా అంతే జాగ్రత్త. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదానికి బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పాత కారు మీద మీకున్న నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు బీమాలో వచ్చే తగ్గింపు, బండితో పోదు. అది మీది, కొత్త కారు బీమాకు వాడుకోండి.

కొత్త బండైతే డెలివరీకి రెండు రోజుల ముందే, పగటి వెలుగులో వెళ్లి చూడండి. పండుగ రోజు షోరూమ్‌లో పదుల బండ్లకు పూలదండలు వేస్తుంటారు, అప్పుడు గీత పడిందని చెప్పినా వినే తీరిక ఎవరికీ ఉండదు. ఛాసిస్ నంబరు ఇన్‌వాయిస్‌తో సరిపోల్చండి, తయారైన నెల చూడండి, ఏసీ, లైట్లు, అద్దాలు, స్టెప్నీ, జాకీ అన్నీ పరీక్షించండి. తేడా ఉంటే మీ పేరు మీద రిజిస్ట్రేషన్ కాకముందే చెప్పాలి, ఆ తర్వాత బండి మార్చి ఇవ్వడం చాలా కష్టం. 65వ జాతీయ రహదారి మీది పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్లు తరచూ దాటేవారైతే ఫాస్టాగ్ వార్షిక పాస్ సంగతి అదే రోజు అడగండి. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు 3,000 రూపాయలకు 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది.