కాగితం మీద నిలబడే బొమ్మ గీయడం ఎలా?

లండన్ నేషనల్ గ్యాలరీలో హాన్స్ హోల్బైన్ 1533లో వేసిన ‘ది అంబాసిడర్స్’ అనే చిత్రం ఉంది. సుమారు 2 మీటర్ల ఎత్తు. ఇద్దరు పెద్దమనుషులు దర్జాగా నిలబడి ఉంటారు. వాళ్ల కాళ్ల దగ్గర ఏటవాలుగా సాగిన మరక లాంటిది ఒకటి. ఎదురుగా నిలబడి ఎంత చూసినా అదేంటో చప్పున తట్టదు. కుడివైపు పక్కకు వెళ్లి ఓరగా చూస్తే మాత్రం పుర్రె!

సంక్రాంతి పోటీల్లో కనిపించే 3డి ముగ్గుల కిటుకూ ఇదే: ఒక్క చోటి నుంచి చూస్తేనే సరిగ్గా కనిపించేలా బొమ్మను సాగదీయడం. చార్టు, పొడవాటి స్కేలు, పెన్సిల్, ఫోన్ ఉంటే ఇంట్లోనే చేయొచ్చు.

1. ముందు కన్ను ఎక్కడుండాలో తేల్చుకోండి. చాలామంది బొమ్మ గీసేసి, ఆ తర్వాత ఎటు నుంచి బాగుంటుందా అని చుట్టూ తిరుగుతారు. ఎక్కడా కుదరదు. చార్టును నేల మీద పరిచి, మీకు దగ్గరగా 15 సెం.మీ. గీత ఒకటి గీయండి. దాని మధ్యకు ఎదురుగా, 40 సెం.మీ. ఇవతల పుస్తకాలు పేర్చి ఫోన్ నిలబెట్టండి. కెమెరా కన్ను నేలకు 30 సెం.మీ. ఎత్తులో ఉండాలి. ఇక దాన్ని కదపొద్దు.

2. వేరే కాగితం మీద 15 సెం.మీ. చదరం గీసి, 3 సెం.మీ. గళ్లు కొట్టి, అందులో బొమ్మ వేయండి. మొదటిసారికి గ్లాసో, మిరపకాయో చాలు. మనిషి ముఖం జోలికి పోకండి, మిల్లీమీటరు తేడా వచ్చినా కన్ను పట్టేస్తుంది.

3. అసలు పని ఇక్కడుంది. చార్టు మీది గీత నుంచి అవతలికి 4.4, 10, 17.1, 26.7, 40 సెం.మీ. దూరాల్లో అడ్డగీతలు గీయండి. దూరం పోయేకొద్దీ చూపు నేలకు మరింత ఏటవాలుగా తగులుతుంది. అందుకే చివరి వరుస మొదటి దానికి మూడింతలు సాగింది. వెడల్పూ పెరగాలి: చివరి గీత పొడవు 30 సెం.మీ. ఉంచి, ముందు గీసిన 15 సెం.మీ. గీత మీద 3 సెం.మీ.కి, చివరి గీత మీద 6 సెం.మీ.కి ఒకటి చొప్పున గుర్తులు పెట్టి కలపండి.

4. చిన్న గడిలో ఏముందో పెద్ద గడిలో అదే వేయండి. పైనుంచి చూస్తే వికారంగా ఉంటుంది, టెన్షన్ పడకండి. అప్పుడప్పుడూ ఫోన్ తెర చూసుకుంటే చాలు.

5. గళ్లు చెరిపి రంగులు వేశాక, బొమ్మ అడుగు నుంచి ఒక పక్కకు నీడ వేయండి. నీడ పడేది నేల మీదే కాబట్టి దాన్ని సాగదీయకూడదు. బొమ్మ పైభాగం చుట్టూ చార్టు కత్తిరించేస్తే ఇంకా నమ్మబుద్ధేస్తుంది.

నేరుగా చూడాలంటే కెమెరా ఉన్నచోట ఒక కన్ను పెట్టి, రెండోది మూయండి. రెండు కళ్లతో చూస్తే కాగితం చదునుగా ఉందని ఇట్టే తెలిసిపోతుంది.

ఇదే ముగ్గుగా వాకిట్లో వేయాలంటే కొలతలన్నీ ఐదింతలు చేయండి. కన్ను ఎత్తు 150 సెం.మీ., అంటే నిలబడి చూడొచ్చు. ముగ్గుకు 2 మీటర్ల ఇవతల సుద్దతో రెండు పాదాలు గీసిపెట్టండి, లేకపోతే వచ్చినవాళ్లు ముగ్గు తొక్కుకుంటూ చోటు వెతుక్కుంటారు.