'లీజ్ అండ్ లీఫ్' ఆల్బమ్‌లో దేశాన్నీ మరణాన్నీ కలిపి వినడం ఎలా?

ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే ఇంగ్లీషు సంగీత బృందం 1969 డిసెంబరులో విడుదల చేసిన 'లీజ్ అండ్ లీఫ్' ఇంగ్లీషు జానపద రాక్ సంగీతానికి పునాది వేసిన ఆల్బమ్ అని సంగీత చరిత్రకారులు అంటారు. ఆ మాట నమ్మి వినడం మొదలుపెట్టినవారికి అందులో ఇంగ్లండును కీర్తించే పాట ఒక్కటీ దొరకదు. చావు మాత్రం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. కాబట్టి దేశాన్ని ఒకవైపు, మరణాన్ని మరొకవైపు పెట్టి వెతకడం కంటే ప్రతి పాటనూ ఒకే ప్రశ్న అడగడం మేలు: ఇక్కడ చావు అంచున ఉన్నది ఎవరు, ఆ చావును శాసించే అధికారం ఎవరిది?

వినడానికి ముందు కొంత నేపథ్యం తెలిసి ఉండాలి. 1969 మే 12 తెల్లవారుజామున, బర్మింగ్‌హామ్‌లో కచేరీ ముగించుకుని లండన్‌కు తిరిగి వస్తున్న ఈ బృందం వ్యాను ఎమ్1 రహదారిపై ప్రమాదానికి గురైంది. డ్రమ్స్ వాయించే 19 ఏళ్ల మార్టిన్ లాంబుల్, గిటారిస్టు రిచర్డ్ థాంప్సన్ స్నేహితురాలు జీనీ ఫ్రాంక్లిన్ ఆ ప్రమాదంలో మరణించారు. మిగిలినవారు, ఫిడేలుతో డేవ్ స్వార్‌బ్రిక్, డ్రమ్స్‌తో డేవ్ మాటాక్స్ వచ్చి చేరాక, హాంప్‌షైర్‌లోని ఫార్లీ చాంబర్లేన్ గ్రామంలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఈ పాటలను సాధన చేశారు. ఇంత విషాదం తెలిశాక ప్రతి పాటలోనూ ఆ ప్రమాదపు ఛాయలే వెతకాలనిపించడం సహజమే కాని, ఆ కోరికను కొంతసేపు అదుపులో ఉంచుకోవాలి. ఎందుకంటే ఇందులోని పెద్ద గాథలు (కథ చెప్పే జానపద పాటలు) రెండూ, అంటే 'మాటీ గ్రోవ్స్', 'టామ్ లిన్', ఆ వ్యాను బయలుదేరడానికి వందల ఏళ్ల ముందే పుట్టినవి.

మొదటి విడతలో సాహిత్యాన్ని పక్కన పెట్టి, ఏ పాట ఎక్కడినుంచి వచ్చిందో రాసుకోండి. 'టామ్ లిన్' స్కాట్లండు గాథ. దానిలో వినిపించే కార్టర్‌హా అడవి సెల్‌కర్క్ పట్టణానికి దగ్గరలో ఉంది. వాద్యాలతోనే సాగే నృత్య బాణీల గుచ్ఛంలో ఐర్లండు బాణీలు స్పష్టంగా ఉన్నాయి. 'మాటీ గ్రోవ్స్' ఇంగ్లీషు గాథే అయినా, ఇక్కడ దానికి వాడిన బాణీ అమెరికాలోని అపలేచియన్ కొండల్లో పాడుకునే 'షేడీ గ్రోవ్'కు చుట్టం. ఆల్బమ్ అట్టపై గుర్తు చేసిన సేకర్తలలో ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అమెరికాలో ఆచార్యుడు. సెసిల్ షార్ప్ 1916 నుంచి 1918 వరకు అదే అపలేచియన్ కొండల్లో తిరిగి, అక్కడికి వలస వెళ్లిన ఇంగ్లీషు పాటలను సేకరించినవాడు. స్వచ్ఛమైన ఇంగ్లీషుతనాన్ని వెతికేవారికి ఈ జాబితా నిరాశ కలిగించవచ్చు. నాకు మాత్రం ఈ ఆల్బమ్‌లోని అత్యంత నిజాయితీ గల విషయం ఇదే అనిపిస్తుంది.

రెండవ విడతను వరుసక్రమంలో కాక 'ది డిసర్టర్' పాటతో మొదలుపెట్టండి. దేశం తన పేరు చెప్పుకుని నేరుగా ప్రవేశించేది ఇక్కడే. లండన్‌లోని రాట్‌క్లిఫ్ హైవే వెంట నడుస్తున్న యువకుడు సైన్యంలో చేరతాడు, పారిపోతాడు, తోటివారే పట్టిస్తే కొరడా దెబ్బలు తింటాడు. మళ్లీ పారిపోతే కాల్చి చంపమని శిక్ష పడుతుంది. అంతలో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ యువరాజు బండిలో వచ్చి సంకెళ్లు విప్పించి విడుదల చేయిస్తాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆపి, క్షమాభిక్షకు చెప్పిన కారణాన్ని మళ్లీ వినండి: అతడు రాణికీ దేశానికీ మంచి సైనికుడు అవుతాడట! ప్రాణం దక్కింది కాని, ఏ కొలువు నుంచి రెండుసార్లు పారిపోయాడో ఆ కొలువుకే అది తిరిగి అంకితమైంది. బృందపు గాయని శాండీ డెన్నీ ఈ ముగింపును వెక్కిరింపుగా పాడదు, ఆనందంగానూ పాడదు. ఆ తటస్థత వల్లనే తీర్పు వినేవారికి మిగులుతుంది. వెంటనే నృత్య బాణీలు మొదలవుతాయి కనుక, ఆ వరుసను కూడా గమనించండి.

తరువాత 'మాటీ గ్రోవ్స్' వినండి. ప్రభువు తన భార్యను, ఆమె ప్రియుడిని చంపిన తరువాత ఇద్దరికీ ఒకే సమాధి తవ్వించమంటాడు. అయితే ఆమె ఉన్నత వంశజురాలు కాబట్టి పైభాగంలో ఉంచమంటాడు. మట్టిలోనూ అంతస్తు చెరగని సమాజం గురించి ఈ ఒక్క ఆజ్ఞ చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. 'టామ్ లిన్'లో అధికారం దేవకన్యల రాణిది: ఏడేళ్లకొకసారి నరకానికి కప్పం కట్టాలి, ఈసారి ఆ కప్పం తానేనని ఆమె చెరలో ఉన్న టామ్ లిన్ భయం. అతడు పాముగా, సింహంగా మారుతున్నా అతడి ప్రేయసి జానెట్ పట్టు విడవకపోవడం వల్ల బతికి బయటపడతాడు. ఆల్బమ్‌లో ఏ పాలకుడి దయా లేకుండా చావును ఓడించిన పాత్ర ఆమె ఒక్కతే.

ప్రమాదాన్ని గుర్తు చేసుకోవలసిన సమయం ఇప్పుడు వస్తుంది. థాంప్సన్ కొత్తగా మాటలు రాసిన 'ఫేర్‌వెల్, ఫేర్‌వెల్', 'క్రేజీ మ్యాన్ మైకేల్' పాటలను చివరకు అట్టిపెట్టుకోండి. మొదటిదానికి పాత గాథ బాణీ వాడారు. అందులోని మనిషి తన పక్కన నిద్రిస్తున్న ఒకరికి మాత్రమే మాట ఇస్తాడు, ఆ నిద్ర ఎటువంటిదో పాట చెప్పదు. రెండవదానిలో మైకేల్ కోపంతో ఒక కాకిని చంపుతాడు, అది తన ప్రేయసి అని తరువాత తెలుస్తుంది. ఇక్కడ రాజు లేడు, న్యాయస్థానం లేదు, శిక్షించేది అతడి మనసే. పాత గాథల్లో పైవారి ఆజ్ఞగా వచ్చిన మరణం ఈ కొత్త పాటల్లో మిగిలినవారి లోపలికి చేరింది. అయినా వీటిని ఆత్మకథగా చదవకండి. పాత భాషనూ రూపాన్నీ ఎంచుకోవడమే థాంప్సన్ తన దుఃఖానికి అడ్డుతెర వేసుకున్నాడనడానికి బలమైన ఆధారం.

ఈ గమనికలను వ్యాసంగా మలచదలచినవారు సారాంశాల కంటే ముగింపు చరణాలకే ఎక్కువ చోటు ఇవ్వడం మంచిది, ఎందుకంటే అధికారం ఎవరిదో తేలేది అక్కడే. విడుదల నాటికే బేస్ గిటారిస్టు యాష్లీ హచింగ్స్, డెన్నీ ఇద్దరూ బృందాన్ని వీడారు: అతడు సంప్రదాయాన్ని మరింత లోతుగా వెతకడానికి స్టీలై స్పాన్ బృందాన్ని స్థాపించాడు, ఆమె సొంత పాటల వైపు సాగింది. మీ ఆసక్తి దేశం వైపు మొగ్గితే తరువాత స్టీలై స్పాన్‌ను, మరణం వైపు మొగ్గితే డెన్నీ రాసిన పాటలను వినండి.