చిట్టి జాకెట్ కొరికాక నేర్చుకున్న పనులు

గుంటూరులో ఇంట్లోనే మిషన్ కుడతాను. నాలుగేళ్ల కిందట వానకు మా మెట్ల కింద దూరిన వీధికుక్క పిల్లే ఇప్పటి మా చిట్టి. పెరిగే వయసులో ఒకరోజు కస్టమర్ పట్టు జాకెట్ చెయ్యి కొరికేసింది. బాగా తిట్టాను. పొద్దస్తమానం గేటు దగ్గర కట్టేసి, ఒంటికి పోయడానికి ఐదు నిమిషాలు బయటికి తిప్పితే ఏ కుక్కైనా అంతే చేస్తుందని తర్వాత అర్థమైంది.

అందుకే మొదట నడక గురించి చెబుతాను. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట తిప్పండి. కుక్క ప్రతి స్తంభం దగ్గరా ఆగి వాసన చూస్తుంటే తాడు లాగకండి. అది బయటికి వచ్చేదే అందుకు. తొందరపెట్టి వీధంతా తిప్పిన రోజు కన్నా, రెండు సందుల్లోనే తీరిగ్గా వాసన చూడనిచ్చిన రోజు చిట్టి హాయిగా పడుకుంటుంది. మెడపట్టీ కన్నా ఛాతీకి వేసే బెల్టు మేలు, లాగినా గొంతు నొక్కుకోదు.

మా ఊరి మే నెల ఎండకు ఈ వేళలు మార్చాల్సిందే. పొద్దున ఆరున్నరకల్లా తిరిగి ఇంటికి రావాలి, సాయంత్రం ఏడు దాటాకే వెళ్లాలి. మీ అరచెయ్యి వెనకవైపు రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలూ కాలతాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే వేడి తగ్గించుకుంటుంది. రొప్పు ఆగకుండా, చొంగ చిక్కగా కారుతూ, నడక తూలుతుంటే వడదెబ్బే. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాను వేసి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రేపు చూద్దాంలే అనుకోవద్దు.

తిండి రెండు పూటలా పెడతాను. కూరకు తాలింపు వెయ్యకముందే చిట్టి వాటా తీసేస్తాను. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్, కాస్త అన్నం, క్యారెట్టో గుమ్మడికాయో. చాలా ఇళ్లలో పెరుగన్నంతోనే సరిపెడతారు. దాంతో కడుపు నిండుతుంది గానీ కండ పట్టదు. మాంసమో గుడ్డో ఉండాలి. ఉల్లి, వెల్లుల్లి మాత్రం ఏ రూపంలోనూ వద్దు, వాటివల్ల కుక్క రక్తంలోని ఎర్రకణాలు దెబ్బతింటాయి. మిగిలిన సాంబారు పోస్తే ఏమవుతుందిలే అనుకుని పొరపాటు చేసేది అక్కడే. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా పెట్టకూడదు. ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఒళ్లు వెచ్చగా ఉందని మన జ్వరం బిళ్ల అసలే వెయ్యకండి. కుక్క ఒళ్లు మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది.

వానాకాలంలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేవి గోమార్లు. కొందరు పిడుదులంటారు. నడక నుంచి రాగానే చెవుల లోపల, పట్టీ కింద, కాలివేళ్ల సందుల్లో వేళ్లతో తడిమి చూస్తాను. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి, సబ్బు నీళ్లలో వేస్తాను. కిరోసిన్ పూయమని చెప్పేవాళ్లుంటారు, వినకండి. చర్మం కాలుతుంది, నాకితే లోపలికీ పోతుంది. రెండేళ్ల కిందట చిట్టి రెండు రోజులు తిండి ముట్టలేదు, చిగుళ్లు పాలిపోయాయి. గోమార్ల జ్వరమని రక్తపరీక్షలో తేలింది. అప్పటినుంచి డాక్టరు రాసిన గోమార్ల మందు ఒక్క నెల కూడా తప్పించలేదు.

స్నానం నెలకోసారి చాలు, మన సబ్బుతో కాదు.

ఇంటికి పిల్లలొస్తే ఒక మాట తప్పకుండా చెబుతాను: తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు చిట్టిని ముట్టుకోవద్దు. మా అక్క మనవడు వినకుండా గిన్నె లాగితే గుర్రుమంది. అందరూ దాన్ని కొట్టమన్నారు. నేను పిల్లాణ్ని పక్కకు తీశాను. గుర్రుమనడం అది ముందుగా చేసే హెచ్చరిక. కొట్టి అది మాన్పిస్తే, ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి ఏటా వేయించాలి. జూలై 6న జూనోసిస్ దినమని, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినమని, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు. 1885లో అదే రోజున ఫ్రాన్స్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేయించాడు. నట్టల మందు మూడు నెలలకోసారి. తేదీలన్నీ నా కొలతల పుస్తకం చివరి పేజీల్లో రాసుకుంటాను. చిట్టి బరువు కూడా అక్కడే ఉంటుంది, పోయిన వారం 16 కిలోలు.