దూది బొమ్మతో జపాన్ ప్రయాణం: కొత్తవాళ్లతో మాట కలపడం ఎలా?

జపాన్‌లో దూది బొమ్మను నుయిగురుమి అంటారు. దాన్ని గుడి ముందో, రామెన్ నూడుల్స్ గిన్నె పక్కనో కూర్చోబెట్టి ఫొటో తీయడానికి నుయిదోరి అని ప్రత్యేకంగా పేరే ఉంది. పెద్దవాళ్లకూ ఈ సరదా ఉంది కాబట్టి, బ్యాగుకు బొమ్మ తగిలించుకుని తిరగడానికి మొహమాటపడక్కర్లేదు.

1. బొమ్మ ఎంపిక

ఎత్తు 15 నుంచి 20 సెంటీమీటర్లు చాలు. మరీ చిన్నదైతే జారిపోయినా తెలియదు, పెద్దదైతే మూడో రోజుకల్లా హోటల్ గదికే పరిమితమవుతుంది. కళ్లు అతికించినవి కాకుండా దారంతో కుట్టినవైతే ఊడిపోవు. లోపల పాలిస్టర్ దూదే ఉండాలి. గింజలు, ఊక, గడ్డి కూరినవి వద్దు. 

పేరు రెండు మూడు అక్షరాల్లో ఉండాలి. జపనీస్‌లో ‘ల’ పలకదు, ‘ర’ అవుతుంది. లల్లి అని పెడితే రర్రి అని పిలుస్తారు. బుజ్జి అయితే ఇబ్బంది లేదు.

2. కుట్టుపని

వీపు మీద, మెడకు కాస్త కింద, బ్యాగుకు తగిలించడానికి సెంటీమీటరు వెడల్పు టేపును మడిచి కుట్టండి. పై గుడ్డకు మాత్రమే కుడితే బ్యాగు ఊగినప్పుడల్లా లాగి చిరుగుతుంది. అతుకు మీదే నైలాన్ దారంతో నాలుగైదుసార్లు తిప్పి కుట్టాలి. బొమ్మకు కట్టే చీటీ మీద దాని పేరు, మీ ఈమెయిల్ చాలు, ఇంటి చిరునామా వద్దు.

చొక్కాకు పోచంపల్లి ఇకత్ ముక్క వాడండి, 30 సెంటీమీటర్ల చదరం సరిపోతుంది. దారానికి ముందే రంగులద్ది నేసే ఈ విద్య జపాన్‌లోనూ ఉంది, అక్కడ కసురి అంటారు. ఎవరైనా పెద్దావిడ ఆ గుడ్డ అంచు పట్టుకుని చూస్తే “ఇందో నో కసురి దెస్” అనండి. అంటే ‘ఇది ఇండియా కసురి’ అని. బట్టల గురించి తెలిసినవాళ్లకు ఆ ఒక్క మాట చాలు.

3. మాట కలపడం

బొమ్మను ఎదుటివాళ్ల ముఖం ముందుకు చాచకండి. బల్ల మీద, వాళ్లవైపు తిప్పి ఊరికే కూర్చోబెట్టండి. వాళ్ల చూపు దాని మీద పడి నవ్వితే అప్పుడు మాట్లాడాలి: “కోనో కో వా బుజ్జి దెస్. ఇందో కరా కిమాష్త.” వీడు బుజ్జి, ఇండియా నుంచి వచ్చాడు అని అర్థం. చూపు తిప్పుకుంటే అక్కడితో వదిలేయండి. వాళ్ల బ్యాగుకే బొమ్మ వేలాడుతుంటే ముందు దాన్ని చూపించి “కవాయీ” (ముద్దుగా ఉంది) అనండి.

ఫొటోకు “ఇష్షో ని షాషిన్, ఈ దెస్ కా?” అని అడగాలి. దాన్ని నెట్‌లో పెట్టాలంటే మళ్లీ విడిగా అడగాలి: “ఎస్ఎన్ఎస్ ని నోసెతే మో ఈ దెస్ కా?” ముఖం కనబడటం ఇష్టంలేనివాళ్లు చాలామంది ఉంటారు. బొమ్మను పట్టుకున్న వాళ్ల చేతులు మాత్రమే తీస్తే సరే అంటారు, ఆ ఫొటోలు నిజంగా బాగుంటాయి కూడా. పిల్లలైతే తల్లిదండ్రులను అడగనిదే కెమెరా ఎత్తకూడదు.

4. జాగ్రత్తలు

ఎర్ర గుడ్డ కట్టిన జిజో అనే బౌద్ధ దేవుడి విగ్రహాల మీద బొమ్మను పెట్టకండి. అవి పూజలందుకునే విగ్రహాలు, చనిపోయిన పిల్లల కోసం నిలిపినవీ ఉంటాయి. నారా పార్కులో జింకలు గుడ్డ, కాగితం ఏది అందినా నమిలేస్తాయి, అక్కడ బొమ్మ బ్యాగులోనే ఉండాలి. రైలు పట్టాల మీద పడితే దిగవద్దు, స్టేషన్ సిబ్బందికి చెప్పండి. అలాంటివి తీయడానికి వాళ్ల దగ్గర పొడవాటి పట్టుకర్ర ఉంటుంది.

5. పోతే

బయల్దేరే ముందే ముందు నుంచి, వెనక నుంచి స్కేలు పక్కన పెట్టి రెండు ఫొటోలు తీసుకోండి. రైల్లో మర్చిపోతే స్టేషన్‌లో “వాసురెమోనో” (మర్చిపోయిన వస్తువు) అని, వీధిలో పోతే కోబన్ అనే చిన్న పోలీసు ఠాణాలో ఆ ఫొటోలు చూపించండి. దొరికిన వస్తువును పోలీసులు 3 నెలలు ఉంచుతారు. అందుకే ఫిర్యాదు కాగితంలో జపాన్ హోటల్ నంబరు ఒక్కటే రాయకుండా, ఇంటికొచ్చాక కూడా చూసుకునే ఈమెయిల్ రాయండి.